గుర్రాలు గీసిన చెయ్యి

మా వృత్తిలో ఒక పుస్తకాన్ని ‘గుడ్’ అన్నామంటే అది అంత బాగా లేదని అర్థం. వెన్ను చిట్లి, మూలలు నలిగి, కాగితం పసుపెక్కి, అయినా పేజీలన్నీ ఉండి చదువుకోవడానికి పనికొచ్చే పాత కామిక్‌ను ‘గుడ్’ అంటాం. నిజంగా బాగున్నది ‘ఫైన్’. అచ్చయిన రోజు ఎలా ఉందో అలాగే ఉన్నది ‘మింట్’. అలాంటివి నా చేతికి చాలా అరుదుగా వచ్చాయి. పుస్తకం అమ్ముకోవడానికి వచ్చినవాళ్లు “గుడ్ అన్నారుగా, మరి ధర ఇంతేనా?” అని గొడవకు దిగేవారు. వాళ్లకు ఓపిగ్గా చెప్పడంలోనే నా ఉద్యోగం సగం గడిచింది.

సూరత్‌లో పాత బొమ్మల కథల పుస్తకాలు కొని, వాటి స్థితి నిర్ణయించి, అమ్మి బతికాను. ఈమధ్యే మానేశాను. ఈ పని నేర్చుకుంటామని ఇప్పుడు కొందరు ఫోన్ చేస్తున్నారు. ఏ పుస్తకం ఎంత పలుకుతుందని అడుగుతారు. అది ఫోన్‌లో వెతికితే దొరుకుతుంది. వెతికినా దొరకనివి కొన్ని ఉన్నాయి. అవి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

జయంతీభాయ్ దగ్గర

పెళ్లయ్యాక వరంగల్ నుంచి సూరత్ వచ్చాను. మావారు ఊరి బయట హజీరా ఫ్యాక్టరీల్లో ఒకదాంట్లో ఇంజనీరు. ఆయన పొద్దున్నే కంపెనీ బస్సెక్కితే చీకటి పడ్డాక వచ్చేవారు. చదువుకోవడానికి ఇంట్లో తెలుగు కాగితం ముక్క కూడా ఉండేది కాదు. ఊళ్లో మగ్గాలుండే పేట ఉధ్నాలో జయంతీభాయ్ అనే ఆయన పస్తీ దుకాణంలో తెలుగు పత్రికలు దొరుకుతాయని ఎవరో చెప్పారు. పస్తీ అంటే ఇక్కడ పాత కాగితాలు. మగ్గాల మీద పనిచేసే మన కరీంనగర్, సిరిసిల్ల వైపు వాళ్లు ఊళ్ల నుంచి తెచ్చుకున్న పత్రికలను చదివేశాక తూకానికి అమ్మేసేవారు.

ఆ కుప్పల్లోనే నాకు ‘మేఘాశ్వం’ దొరికింది. చిన్న ప్రెస్సు వాళ్లెవరో వేసిన బొమ్మల కథ. అట్ట సగం లేదు. రాజ్యాల మధ్య వార్తలు మోసే ఒక అమ్మాయి, ఆమె గుర్రం, వాళ్ల ప్రయాణాలు. కథ మామూలుదే. గుర్రాన్ని చూసి మాత్రం ఆగిపోయాను. అది పేజీలో నిలబడి లేదు, పరుగెత్తుతోంది. చెవులు వెనక్కి వాలి, తోక మూడు పాయలుగా విడిపోయి, ముందుకాలు మడిచి ఎత్తినప్పుడు మోకాలి దగ్గర ఎముక కదిలినట్టు కనిపించేది. రచయిత పేరు లేదు, చిత్రకారుడి పేరు లేదు. అప్పటి చిన్న ప్రెస్సులు పేర్లు వేసేవి కావు.

మిగతా సంచికల కోసం మళ్లీ మళ్లీ వెళ్లాను. వెతికేటప్పుడు చెదిరిన కట్టలను సర్దకుండా రావడం నాకు చేతకాదు. ఒకరోజు జయంతీభాయ్ కళ్లజోడు పైకి తోసి అన్నారు: “బెన్, తుమ్ లేతీ ఏక్ హో, జమాతీ సౌ హో. పగార్ లే లో.” బెన్ అంటే సోదరి. కొనేది ఒకటి, సర్దేది వంద, ఆ జీతమేదో తీసుకో అని. నా ఉద్యోగం అలా మొదలైంది. ఇంజనీరు భార్య పస్తీ దుకాణంలో కూర్చుంటుందా అని కాలనీలో నవ్వారు. మావారు మాత్రం, “నీకు నచ్చిన పని ఈ ఊళ్లో దొరికింది, ఇంకేం కావాలి?” అన్నారు.

జయంతీభాయ్ కోపిష్ఠి. బేరమాడితే చేతిలో పుస్తకం లాక్కునేవారు. కానీ కళ్లు మోసపోయే చోట ఏం చెయ్యాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. “పహేలా సూంఘో, పఛీ జువో” అనేవారు. ముందు వాసన చూడు, తర్వాత కళ్లతో చూడు. తాపీ నదికి పెద్ద వరద వచ్చి వెళ్లాక ఒక వ్యాపారి కామిక్స్ గోతాం తెచ్చాడు. ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, చూడ్డానికి చక్కగా ఉన్నాయి. జయంతీభాయ్ ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, “నది వాసన” అన్నారు. తక్కువ ధరకు అన్నీ కొన్నారు. ఒక్కోదానికి ‘వరదలో తడిసినది’ అని చీటీ పెట్టమన్నారు. ఆ చీటీ చూస్తే ఎవరూ కొనరని నేను వాదించాను. అన్నీ అమ్ముడయ్యాయి. కొన్నవాళ్లు చాలామంది నది ఒడ్డు వీధులవాళ్లే. “మా ఇంట్లోవి కూడా ఇలాగే తడిసిపోయాయి బెన్” అని చెప్పి కొనుక్కుపోయారు.

లోపం చెబితే ధర పడిపోతుందని భయపడకండి. ఆ లోపంతోనే దాన్ని కోరుకునే మనిషి ఎక్కడో ఉంటాడు. లోపం దాచిపెడితే ఆ మనిషి మీకు ఎప్పటికీ దొరకడు.

అందరూ ఇళ్లలో కూర్చున్నప్పుడు

కరోనా వచ్చేనాటికి జయంతీభాయ్ దుకాణం నాకప్పగించి దగ్గర్లోనే కిమ్ అనే ఊళ్లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. ఉధ్నాలో మగ్గాలు ఆగిపోయాయి. ఆ చప్పుడు ఎప్పుడూ విసుగు పుట్టించేది. అది లేకపోతే చెవులు దిబ్బడ వేసినట్టు అనిపించింది. మనవాళ్లు దొరికిన బండెక్కి ఊళ్లకు వెళ్లిపోయారు. షట్టర్ దించేశాను. ఇక ఈ పని అయిపోయినట్టే అనుకున్నాను.

జరిగింది వేరు. ఇళ్లలో ఉన్నవాళ్లు అటకలు సర్దడం మొదలుపెట్టారు. చిన్నప్పుడు చదివి పోగొట్టుకున్న పుస్తకాలు గుర్తుకొచ్చాయి. నా ఫోన్ మోగని పూట లేదు. అంతకుముందు ఎవరూ పట్టించుకోని సంచికల కోసం జనం పోటీ పడ్డారు. అందులో నిజమైన ప్రేమ ఉంది, దాంతోపాటు డబ్బు ఆశ కూడా ఉంది. ఫోటో తీసేటప్పుడు లైటు కాస్త అటూ ఇటూ జరిపితే పసుపు పేజీ తెల్లగా కనిపిస్తుంది. అట్ట మీద మడతను రంగు పెన్నుతో కప్పేస్తే ఫోటోలో తెలియదు. ఫోటో చూసి స్థితి చెప్పమని అడిగినవాళ్లందరికీ ఒకటే చెప్పేదాన్ని: పెళ్లిచూపులు ఫోటోలో అయితే కావచ్చు, నా పని మాత్రం కాదు.

అలాంటి రోజుల్లో కిరణ్ ఫోన్ చేశాడు. గుంటూరు వైపు అబ్బాయి, హజీరాలో మావారి కంపెనీలోనే కొత్తగా చేరిన ఇంజనీరు. ఒంటరిగా గదిలో ఉండి పాత తెలుగు కామిక్స్ పోగుచేసే అలవాటు చేసుకున్నాడు.

“ఆంటీ, మేఘాశ్వం అసలు బొమ్మలు దొరుకుతున్నాయండి. అచ్చు కాదు, చిత్రకారుడు చేత్తో గీసినవి. అమ్మేవాడు పుణెలో ఉంటాడు. వినయ్ అని. ఆర్టిస్టు చనిపోయాడట. వాళ్ల కుటుంబం నుంచి వచ్చాయంటున్నాడు.”

“ఎన్ని పేజీలు?”

“కట్ట మొత్తం ఉందండి. కారు కోసం దాచుకున్నది పెట్టేద్దామనుకుంటున్నాను. కానీ మీరు చూసి సరేనంటేనే.”

రెండు పేజీలు పరీక్షకు పంపమని, నచ్చకపోతే తిప్పి పంపుతామని వినయ్‌తో మాట్లాడి ఒప్పించాం. కొరియర్ వచ్చాక కవరును మావారు ఎండలో పెట్టి, శానిటైజర్ తుడిచి, అప్పుడు గానీ లోపలికి రానివ్వలేదు.

అనుమానం

అచ్చు కోసం గీసిన అసలు బొమ్మ పుస్తకం కంటే పెద్దగా ఉంటుంది. మందపాటి కార్డు మీద ముందు పెన్సిల్‌తో గీసుకుని, పైన నల్ల సిరాతో దిద్దుతారు. తప్పు పోయినచోట తెల్లరంగు పూస్తారు. పాత్రల మాటలు వేరే కాగితం మీద రాసి బంకతో అంటిస్తారు. ఇవన్నీ ఆ పేజీల్లో ఉన్నాయి. కార్డు పాతదే. బంక ఎండి గోధుమరంగుకు తిరిగింది. వాసన కూడా సరిగ్గానే ఉంది.

కానీ భూతద్దం కింద పెట్టగానే నా మనసు కీడు శంకించింది. మనుషుల మొహాలు, కోటలు, చెట్లు అన్నీ పాళీతో గీసినవి. సన్నగా, జాగ్రత్తగా, కాస్త బిగుసుకుపోయినట్టు ఉన్నాయి. గుర్రాలు మాత్రం కుంచెతో వేసినవి. తోక పాయ మొదలుపెట్టి చివరిదాకా ఒకే ఊపులో లాగిన గీత. కింద పెన్సిల్ గుర్తు కూడా లేదు. ఒకే పేజీలో రెండు చేతులున్నాయి. అచ్చులో సిరా ముద్దముద్దగా పడటం వల్ల ఈ తేడా నాకు ఇన్నేళ్లూ కనిపించలేదు.

ఒకే పేజీలో రెండు చేతులు కనిపిస్తే మా వృత్తిలో మొదట వచ్చే మాట ‘కల్తీ’. పాడైపోయిన పాత పేజీ మీద తర్వాతివాళ్లెవరో అచ్చు చూసి గుర్రాలు వేసి ధర పెంచారని అనుకున్నాను. పెన్సిల్ గీత లేకపోవడం ఆ అనుమానాన్ని ఇంకా గట్టి చేసింది.

కిరణ్‌కు ఫోన్ చేసి, “తొందరపడకు. గుర్రాలు వేరే చేతివి” అన్నాను.

“అంటే నకిలీయేనా ఆంటీ?” అన్నాడు.

“అలాగే రాయాలనిపిస్తోంది. రెండు రోజులు ఆగు.”

నేను నకిలీ అంటే ఆ కట్ట ఇక ఎక్కడా అమ్ముడుపోదు. ఈ చిన్న లోకంలో మాట తొందరగా పాకుతుంది. ఆ బొమ్మలు మళ్లీ ఏ పస్తీలోకో పోతాయి. ఆ సంగతి తెలుసు కాబట్టే కలం చేతిలోకి తీసుకోవడానికి మనసొప్పలేదు.

మాస్కు

ఆ రోజుల్లో మిల్లుల్లో మిగిలిపోయిన చీరల గుడ్డతో ఆడవాళ్లు మాస్కులు కుట్టి అమ్మేవారు. మావారు ఉధ్నా నుంచి ఒక కట్ట తెచ్చారు. పూలవి, చుక్కలవి, గళ్లవి ఉన్నాయి. ఒకదానికి చీర అంచు గుడ్డ పడింది. అందులో వరసగా పరుగెత్తే చిన్న గుర్రాలున్నాయి.

చెవులు వెనక్కి వాలి ఉన్నాయి. తోక మూడు పాయలుగా ఉంది.

దాన్ని తీసుకెళ్లి భూతద్దం కింద పెట్టాను. మావారు టీ కప్పుతో వచ్చి చూసి, “మాస్కుకు కూడా గ్రేడు ఇస్తున్నావా?” అన్నారు. నాకు నవ్వు రాలేదు. ముందుకాలి మోకాలు చూపించి, పక్కన పేజీ పెట్టాను. ఆయన వంగి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. “ఒకటే” అన్నారు.

మాస్కులు కుట్టినావిడను పట్టుకున్నాం. ఆమె గుడ్డ ఇచ్చిన మిల్లు పేరు చెప్పింది. మిల్లు మేనేజరు ఫోన్‌లో గుజరాతీలో, “ఆ డిజైన్ పాతది బెన్. మా నరహరి మాస్టర్ వేసింది. మీవాళ్లే, తెలుగాయన. కంప్యూటర్ వచ్చాక కూడా ఉంచుకున్నాం. లాక్‌డౌన్‌లో డిపార్ట్‌మెంటే మూసేశాం” అన్నాడు. ఆ మాస్టర్ ఇల్లు ఉధ్నాలో, నేను ఏళ్ల తరబడి నడిచిన సందుకు అవతలి సందులోనే ఉందని తెలిసింది.

నరహరి గారు, రాజేశ్వరి

కిరణ్‌కు చెప్పిన రెండు రోజులు నెలలయ్యాయి. రెండో విడత కరోనా తగ్గి, వానలు మొదలయ్యాక వెళ్లాను. రెండో అంతస్తులో ఒకే గది. నరహరి గారు మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నారు. కరోనా వచ్చి ఆస్పత్రి నుంచి బయటపడిన మనిషి. నాలుగు మాటలాడితే ఆయాసం. కింద చాప మీద ఆయన భార్య రాజేశ్వరి చీర పరుచుకుని మెరుపు రాళ్లు అంటిస్తోంది. మిల్లు పని పోయాక ఇల్లు నడిచేది ఆ రాళ్లతోనే.

నేను మాస్కు తియ్యకుండా గడప దగ్గరే కూర్చుని పేజీలు బయటికి తీశాను. ఆయన ఒకటి అందుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నారు.

“గివి మీకేడ దొరికినయమ్మా? ప్రెస్సు మూతబడ్డనాడే తూకానికి పోయినయనుకున్న. మా దగ్గర ఒక్క పుస్తకం గూడ లేదు.”

“మీరు గీసినవేనా అన్నా?”

“నావే. గీ కోట చూడుండ్రి, గోలకొండకు పోయి కూసోని గీసిన.” ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఎవలన్న చూస్తున్నరా గీటిని ఇంకా?”

చూడటమే కాదు, వీటి కోసం వెతుకుతున్నారని చెప్పాను. కిరణ్ సంగతి చెప్పాను. ఆయన మంచం మీద నిటారుగా కూర్చున్నారు. అప్పుడు నేను అడగాల్సింది అడిగాను.

“అన్నా, గుర్రాలు కుంచెతో ఉన్నాయి. మిగతాదంతా పాళీతో ఉంది. ఎందుకలా?”

ఆయన భార్య వైపు చూశారు. ఆమె తలెత్తలేదు. చిన్న పట్టకారుతో ఒక రాయి తీసి బంక మీద పెట్టింది. ఇంకొకటి తీసింది.

“చెప్పు. ఇప్పుడేమైతది?” అంది చివరికి, చీర వైపు చూస్తూనే.

“మొఖాలు నావి, కోటలు నావి,” అన్నారాయన. “గుర్రాలు ఈమెవి. అన్ని గుర్రాలు.”

నేను రాజేశ్వరి చేతుల వైపు చూశాను. ఆ చిన్న రాళ్లు గీటు గీసినట్టు వరసలో పడుతున్నాయి. గదిలోకి వచ్చినప్పటి నుంచి అవి నా కళ్లముందే ఉన్నాయి.

“పెండ్లయిన కొత్తల ప్రెస్సాయన కథ ఇచ్చి, గుర్రం లేని పేజీ ఉండొద్దన్నడు,” నరహరి గారు ఆగి ఊపిరి తీసుకున్నారు. “నాకు మనుషులొస్తరు. గుర్రం రాదు. గీస్తె ఈమె రొట్టెలు చేసుకుంట చూసి ఒకటే నవ్వుడు.”

“నవ్వనా మరి?” అంది రాజేశ్వరి. “ముంగటి కాలు మోకాలు మనిషిలెక్క మడిసిండు చెల్లె. గట్ల ఉరికితె గుర్రం బోర్ల పడ్తది.”

ఆమెది పటం బొమ్మలు వేసే నకాషీల ఇల్లు. కథ చెప్పేవాళ్లు ఊరూరా తిప్పి చూపించే పొడవాటి పటాలు వాళ్ల నాన్న గీసేవాడు. చిన్నప్పుడే కుంచె పట్టుకుంది.

“పటంల గుర్రం నిలబడే ఉంటది,” అంది. “ఉరికే గుర్రం నేనే నేర్సుకున్న. బస్టాండు కాడ జట్కా గుర్రాలుంటుండె. గాటిని చూసుకుంట, ఇంటికొచ్చి నేల మీద సుద్దతోని గీసుకుంట నేర్సుకున్న. పెన్సిల్ నాకు చేతగాదు. కుంచె పెడితె పోతనే ఉంటది.”

“మరి పేరు?”

“ప్రెస్సాయనకు చెప్పిన,” అన్నారు నరహరి గారు. “ఇద్దరి పేర్లేంది, అసలు ఎవరి పేరు వద్దన్నడు. ఈడికొచ్చినంక మిల్లుల గూడ గంతే. గుర్రం డిజైన్ కావాలంటె ఇంటికి తెచ్చుకుంటుంటి. పొద్దుగాల పట్కపోతుంటి. అందరు నరహరి మాస్టర్ గుర్రం, నరహరి మాస్టర్ గుర్రం అనబట్టిరి. నాకు సిగ్గయితుండె. కాదని చెప్తె పని పోతదని భయం.”

“నేనే చెప్పొద్దన్న,” అంది ఆమె. “పిల్లల చదువులుండె. గప్పుడు పేరుతోని ఏం చేసుకుంటం?”

నేనామెను ఇంకొకటి అడిగాను. ఇప్పుడు గీస్తారా అని. ఆమె నవ్వి చీర మడతపెట్టింది. “ఏడికెళ్లి చెల్లె? కుంచె పట్టక ఏండ్లయింది.” అని పేజీ దగ్గరికి జరిగి, తాకకుండా వేలితో గాలిలో ఆ తోక గీత వెంట చెయ్యి తిప్పింది. మళ్లీ తిప్పింది.

ఇంటికి వెళ్లేటప్పుడు ఆటోలో అదే ఆలోచించాను. రెండు చేతులున్నాయని నా కళ్లు సరిగ్గానే పట్టుకున్నాయి. దానికి అర్థం మాత్రం నేను తప్పుగా చెప్పుకోబోయాను. ఒకే మనిషి అన్నీ చేస్తాడని, రెండో చెయ్యి కనిపిస్తే అది మోసమేనని మాకు అలవాటైన ఆలోచన. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇదే. మీ కన్ను చూసింది వేరు, మీ బుర్ర దానికి పెట్టుకున్న పేరు వేరు. కన్నును నమ్మండి. పేరు పెట్టడానికి మాత్రం ఇల్లు దాటి, ఒక మెట్టెక్కి, మనిషిని అడగండి.

వినయ్‌తో బేరం

వినయ్‌కు ఫోన్ చేసి పేజీలు అసలువేనని చెప్పాను. సంతోషించాడు. చిత్రకారులిద్దరూ బతికే ఉన్నారని కూడా చెప్పాను.

“నాకు అమ్మినవాడు కుటుంబం నుంచి వచ్చాయన్నాడు మేడమ్. నేను నమ్మాను,” అన్నాడు హిందీలో. “ఇప్పుడు నన్ను దొంగనంటారా?”

కొత్తవాళ్లు ఇక్కడ నీతులు మొదలుపెడతారు. జయంతీభాయ్ దగ్గర పనిచేసినదాన్ని కాబట్టి నేను వ్యాపారం మాట్లాడాను.

“అనను. నేను చెప్పేది వినండి. ఇప్పుడు మీ దగ్గరున్నవి ఎవరు గీశారో తెలియని బొమ్మలు. సగం పేజీలు వాళ్లకు తిరిగి ఇవ్వండి. మిగతా సగం మీద వాళ్లిద్దరూ సంతకాలు చేస్తారు, ఎవరు ఏది గీశారో రాసిస్తారు. సంతకమున్న సగం, పేరులేని మొత్తం కంటే ఎక్కువ పలుకుతుంది. ఇవ్వనంటే, చిత్రకారులు బతికే ఉన్నారని, వాళ్లు చనిపోయారని మీరు చెప్పారని నన్ను అడిగినవాళ్లకు చెప్పాల్సి వస్తుంది.”

“ఆలోచించుకోనివ్వండి.”

“ఆలోచించండి. కిరణ్ డబ్బు అప్పటిదాకా అతని దగ్గరే ఉంటుంది.”

మర్నాడు ఒప్పుకున్నాడు. అతను చెడ్డవాడు కాదు. ఈ వ్యాపారంలో చాలామంది చెడ్డవాళ్లు కాదు. తమకు లాభమైన కథ ఎవరైనా చెబితే దాన్ని పరీక్షించకుండా నమ్మేస్తారు, అంతే. కట్ట మొత్తం నా పేరు మీద పంపాడు.

సంతకాల రోజున కిరణ్ కూడా వచ్చాడు. ఇన్నాళ్లూ అభిమానించిన బొమ్మలు గీసిన మనుషుల్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. “కూసో బిడ్డా,” అని రాజేశ్వరి చాప చూపించింది. నరహరి గారు ప్రతి పేజీ వెనక కింది భాగంలో పేరు రాసి, కార్డు ఆమె వైపు జరిపారు. ఆమె పెన్ను పట్టుకుని తటపటాయించింది.

“నా పేరేడ రాయాలె?”

ఆయన తన పేరు పైన వదిలిన ఖాళీ చూపించారు. “గీడ రాయి. గీ జాగ నీకోసమే ఇడిసిపెట్టిన.”

ఆమె ‘రాజేశ్వరి’ అని ఒక్కో అక్షరం ఒత్తి రాసింది. మొదటి పేజీ మీద అక్షరాలు వంకరపోయాయి. నాలుగైదు పేజీలయ్యేసరికి కుదురుకున్నాయి. కిరణ్ వినయ్ వంతులోంచి రెండు పేజీలు కొన్నాడు, వంకర అక్షరాలున్నవే కావాలన్నాడు. వాటికే ఎక్కువ ధర కట్టాలని నాతో వాదించాడు కూడా. ఆ వాదనలో నేను ఓడిపోయాను.

వాళ్ల వంతు పేజీల్లో కొన్నింటిని వాళ్లు అమ్ముకున్నారు. నేను కమీషన్ తీసుకోలేదు. అది మంచితనం అనుకోకండి. వ్యాపారంలో ఒక్కోసారి మన లాభం డబ్బు రూపంలో రాదు, అంతే. చీరలకు రాళ్లంటించే పని ఆమె మానేసింది. నరహరి గారి ఊపిరి మెల్లగా సర్దుకుంది. కిరణ్‌లాంటి అభిమానులు కొందరు కలిసి కొత్త కథ గీసివ్వమని అడిగితే మొదట ఇద్దరూ నవ్వారు. తర్వాత ఆయన కార్డులు తెప్పించమన్నారు.

ఆ తర్వాతే నేను దుకాణం మానేశాను. కళ్లు మునుపటిలా లేవు. భూతద్దం పెట్టుకున్నా మసకే. పాత కాగితం వాసన మాత్రం ఇప్పటికీ ఇష్టమే. జీవితమంతా ఎప్పుడో ఎండిపోయిన సిరానే చూశాను. ఎవరో ఎప్పుడో చదివేసి వదిలేసిన వాటికి నేను గ్రేడులిచ్చాను. అది తక్కువ పని అనుకోను. ఒకరు పారేసింది ఇంకొకరి చేతికి క్షేమంగా చేరేదాకా కాపలా కాయడం గౌరవమైన పనే.

మొన్న ఉధ్నా వెళ్లాను. మగ్గాల చప్పుడు మళ్లీ సందుల నిండా ఉంది. మెట్లెక్కి చూస్తే గది గుమ్మం తెరిచే ఉంది. నరహరి గారు కిటికీ దగ్గర కూర్చుని మాటల చీటీలు రాస్తున్నారు. రాజేశ్వరి నేల మీద వంగి ఉంది. ఆమె ముందు పెద్ద కార్డు ఉంది. ఈసారి గుర్రం ఒక్కటే కాదు, దాని మీద కూర్చున్న అమ్మాయిని కూడా ఆమే గీసింది. అమ్మాయి జుట్టు, గుర్రం తోక ఒకే గాలికి ఎగురుతున్నాయి. చూడగానే దగ్గరికి వెళ్లి, అలవాటు కొద్దీ అంచు పట్టుకుని వెలుతురులోకి ఎత్తబోయాను.

ఆమె కుంచె ఉన్న చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆగు చెల్లె, ముట్టకు,” అంది. “ఇంకా ఆరలే.”